వాసిరెడ్డివారి యింటిపేరు: పుట్టుక, జనసంఖ్య
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



జగ్గయ్యపేట, నందిగామ సీమల పూర్వచరిత్రమును గుఱించి కొంత ముచ్చటింపుడని సభానిర్వాహకులు మమ్ము గోరిరి. విషయము పెద్దది, మాకొసగిన కాలము చిన్నది. కావున ఒక్క యింటిపేరును మాత్రము చేకొని, అది యెట్లు పుట్టెనో, దానిని ధరించువారెందఱో తెలిసికొనుట కేది మార్గమో విన్నవింప నెంచితిమి. ఆ యింటిపేరు వాసిరెడ్డి. ఈ పట్టణమున నిలిచి మాటలాడువారికి ఇంతకంటె సమీపమైన పేరు మఱియొకటి లేదు. పూర్వము బేతవోలని పిలువబడిన యీ గ్రామమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు పేటను నిర్మించి, తమ తండ్రియగు జగ్గయ్యగారి పేరు పెట్టిరి. తల్లి యచ్చమ్మగారి పేర కృష్ణకావల నచ్చంపేట వెలసెనని చెప్పుదురు. తలిదండ్రుల పేళ్లు ఏటికి చెఱియొక దెసను నిలిచినవి.

వేంకటాద్రినాయుడుగారు 1761లో జన్మించి 1816లో కీర్తిశేషులైరి. గోలకొండ కుతుబుషాహీల నాటనే నందిగామ పరగణా దేశముఖీ వీరి వంశమున నుండెను. దొరతనములు మాఱినను కచ్చేరి మాఱలేదు. గోలకొండవారు పోయి మొగలాయీలు, వారి వెనుక నైజామువారు, ఆ పిమ్మట కుంఫిణీవారు వచ్చిరి. ఏటి కుడిగట్టుననున్న చింతపల్లి వీరి రాజధాని. పదునెనిమిదవ శతాబ్దాంతమున వేంకటాద్రినాయుడుగారు చింతపల్లిని విడిచి యమరావతికి తరలి, క్రొత్తపట్టణమునకు ఱాళ్లు త్రవ్వించుచుండగా ప్రాచీన బౌద్ధస్తూపము బయల్పడెను. కర్నలు మెకంజీదొర దానిని జూచి లోకమునకు తెలిపెను. ఱాళ్లు కొన్ని గుడులకును ఇండ్లకును పోయినవి, కొన్ని సీమకు పోయినవి. ఆ ప్రభువు దేవాలయములను గట్టించినమాట నెల్లరును కొనియాడుదురు. చెంచులను పిలిపించి శిరచ్ఛేదము చేయించిన సంగతియు, నరుకుళ్లపాడను గ్రామనామమున కదియే కారణమనుటయు అచ్చటి జనులు నేటికిని చెప్పుకొందురు. సంచికలలో మొదటిమాట వ్రాసి రెండవమాట విడుచుట మనకలవాటైనది. వంశచరిత్రమనగా వంశస్తోత్రము గాదని మా యభిప్రాయము.

ఇక పేరు సంగతి. వాసి యనగా మేలిమి, ప్రసిద్ధి. వన్నెయు వాసియు అను జంటమాట మనకు తెలిసినదే. వాసికెక్కిన రెడ్డి యొకడు మూలపురుషుడై యుండుననుట వినుటకు సొంపుగా నున్నది. వాసి యనునది యా పురుషుని పేరే యనియు, కాలక్రమమున సంతతికి సంక్రమించెననియు ననుకొనుటయు నసంగతము గాదు. సొంపైన యర్థము చెప్పునప్పుడే చెవి యొగ్గి జాగ్రత్తగ వినవలయును. ఏలనన, పేరు పుట్టినపిమ్మట నర్థమును కల్పించుట మనవారికి వెన్నతో బెట్టిన విద్య. అందఱును అడుగు ప్రశ్న వేఱొకటి కలదు. కమ్మవారి యింటిపేరున రెడ్డి యేల వచ్చెను? దీనికి సమాధానము కష్టము గాదు. రెడ్డి యను మాట రట్టగుడి, రట్టోడి యను ప్రాచీనరూపములనుండి వచ్చినదని పండితులు నిర్ణయించిరి. అది మొదట గ్రామాధికారి బిరుదమే గాని కులనామము గాదు. కాకతీయులనాటి శాసనములను శోధించి 2001లో గ్రంథమును వెలువరించిన సింథియా టాల్బట్ అను విదుషీమణి, ఆ కాలమున రెడ్డి, నాయక, బోయ, సెట్టి మొదలగునవి నేటివలె గట్టిపడిన కులముల పేళ్లు గావనియు, పురుషుని వృత్తిని, హోదాను దెలుపునవనియు సోదాహరణముగ జూపెను. నాయకశబ్దభవమైన ‘నేని’ కమ్మవారి యింటిపేళ్లయందును వెలమవారి యింటిపేళ్లయందును గలదు గదా! వేంకటాద్రిగారి పేరునే చూడుడు: ముందు రెడ్డి, వెనుక నాయుడు. వారు దత్తు చేసికొన్న కుమారుల పేళ్ల చివర బాబు. ఒక్క యింట మూడు బిరుదములు! పొరుగుజిల్లాలవారు తికమకపడుటలో వింత లేదు.

ఊరిపేరుబట్టి వచ్చిన యింటిపేళ్లకు ఈ చిక్కు లేదని కొందఱనుకొందురు. ఉన్నది. నందిగామ యను పేరుగల గ్రామములు తెలుగుదేశమున అనేకములు. బేతవోలును ఒకటి గాదు. కావున ఊరిపేరే యింటిపేరైనవారు సైతము ఏ యూరో తేల్చుకొనుటకు పెద్దల జ్ఞాపకము నాశ్రయింపవలసినదే. అయినను మనుష్యుని ఊరితో గలిపి చెప్పుట యీ నేలమీద మిక్కిలి పాతయాచారము. ఈ పట్టణమునకు చేరువ గుట్టపై నున్న స్తూపశిథిలములను 1882లో జేమ్సు బర్జెసుదొర పరిశీలించెను. అచ్చటి ప్రాకృతశాసనము ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమునాటిది, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమునకు సంబంధించినది. వెలగిరి మహాచైత్యమునకు తూర్పువాకిట అయిదు ఆయకస్తంభములను నెలకొల్పిన దాత రాజు గాడు, మంత్రి గాడు, సిద్ధార్థుడను శిల్పి. అతడు తన్ను దెలుపుకొన్న తీరును గమనింపుడు: కమ్మకరట్ఠమునందలి నడతూరు గ్రామమువాడగు నాగచంద్రుడను శిల్పి కుమారుడట, మహాకందురూరున నివసించువాడట. దేశము, ఊరు, తండ్రి, వృత్తి, ఇప్పటి నివాసము. నేటి దరఖాస్తుకాగితమున నడుగు సంగతులలో నితడు విడిచినది మిక్కిలి తక్కువ.

ఈ శాసనమున కమ్మ యను మాట కానవచ్చుటచే కొందఱు సోదరులు మన కులము పదునేడువందల యేండ్లనాడే యిచ్చట సభలు చేసెనన్నట్లు వ్రాయుచున్నారు. అది యుక్తము గాదు. కమ్మరాష్ట్రము దేశనామము. ఆ దేశమున అన్ని వృత్తులవారును నివసించిరి, సిద్ధార్థుడు ఱాతిపనివాడు. దేశనామము కులనామమగుటకు పెక్కు శతాబ్దములు పట్టినది. ఆ శిల్పిని మన పూర్వికుడనుటకంటె ఈ నేలకు పూర్వికుడనుట న్యాయము.

ఇప్పుడు జనసంఖ్యను గుఱించి. వాసిరెడ్డివారెందఱు? ఈ ప్రశ్నకు సర్కారులెక్కలలో నుత్తరము లేదు. దేశమంతట నొక్కసారిగ జనాభా నెత్తుట 1881లో నారంభమైనది. కులముల పట్టికలన్నియు వరుసగ ప్రకటింపబడినది 1931 వఱకే. 1951 మొదలు షెడ్యూల్డు కులములకును తెగలకును తప్ప కులసంఖ్య వెలువడలేదు. రాబోవు జనగణనయందు మరల కులమును అడుగుటకు కేంద్రప్రభుత్వము 2025లో నిర్ణయించినది. ఇంటిపేరు లెక్క మాత్రము ఏ జనగణనయందును ప్రకటింపబడలేదు. అమెరికాసంయుక్తరాష్ట్రముల జనగణనశాఖవారు నూఱుమందికి తక్కువగాకుండ గల యింటిపేళ్లన్నిటిని పట్టికగ వేసి ప్రకటించుచున్నారు. సముద్రముల దాటిపోయిన మన బిడ్డల యింటిపేళ్లకు అచ్చట లెక్క గలదు. ఇంట నున్నవారికి లేదు. ఆ లెక్కయు కొంత తలక్రిందులే. మనము ముందు వ్రాయు యింటిపేరు వారికి వెనుకది. కాగితములు నింపునప్పుడు కొందఱి సొంతపేరే యింటిపేరై, ఇంటిపేరు సొంతపేరై కూర్చున్నది.

ఓటర్లజాబితాలనుండి తీయవచ్చును గదా యని యువకులు చెప్పుచున్నారు. తీయవచ్చును, కాని మూడు జల్లెడలు పట్టవలయును. ఇంగ్లీషు లిపిలో వాసిరెడ్డి యను నొక్క మాటకే పలురూపములు. పాతరికార్డులలో వస్సారెడ్డి వంటి రూపములును గలవు. అందుచేత తెలుగుజాబితానే చూడవలయును. రెండవది పొడియక్షరము. ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు 1949 మొదలు 1961 వఱకు ఉపాధ్యక్షులైన యాచార్య వాసిరెడ్డి శ్రీకృష్ణగారిని లోకమంతయు వి. ఎస్. కృష్ణగారనియే యెఱుగును. విశాఖపట్టణమున వారి పేరనున్న గ్రంథాలయముపైనను యింటిపేరు ఒక్క యక్షరమై నిలిచినది. అంతటి ప్రఖ్యాతులే లెక్కకు దొరకనప్పుడు మనబోటివారి మాట చెప్పనేల? మూడవది యన్నిటికంటె పెద్దది. జాబితాలో వాసిరెడ్డి యని యున్న స్త్రీలలో కోడండ్రు పెక్కుమంది. ఆ యింట పుట్టిన యాడపడుచులు మెట్టినింటి పేళ్లలో నున్నారు. మొత్తపుసంఖ్యలో నిది తెలియరాదు. పోయినవారికి బదులుగ వచ్చినవారుందురు. కాని యెవరిని లెక్కించితిమో మనకే తెలియకుండ లెక్క ముగియును. పుట్టినింటిపేరు కలకాలము నిలుపుకొన్న స్త్రీలును లేకపోలేదు. మట్టిమనిషి నవలను రచించిన వాసిరెడ్డి సీతాదేవిగారు (1933–2007) ఆ యింటిపేరును తెలుగు చదువరులయిండ్లకు గొనిపోయిరి. జమీందారీ చేరని యిండ్లకు ఆమె పుస్తకములు చేరినవి.

పేరు నిలుచుటయు నశించుటయు నెట్లు జరుగునో ఆలోచించిన విద్వాంసులు గలరు. ఇంగ్లండున పేరుమోసిన కుటుంబముల యింటిపేళ్లు అంతరించుట జూచి ఫ్రాన్సిసు గాల్టనను నతడు 1873లో నొక ప్రశ్న వేయగా, వాట్సనను మతాచార్యుడు గణితమున దానిని సాధింప యత్నించెను. ఆ సరణి మనకును పనికివచ్చును. నూఱుగురు పురుషులు నూఱు వేర్వేఱు యింటిపేళ్లతో నున్నారనుకొందము. సగటున ఒక్కొక్కనికి ఒక్క కుమారుడు. కాని యది సగటు మాత్రమే, యొకనికి ముగ్గురు, వేఱొకనికి శూన్యము. ఇట్లు యదృచ్ఛగ జరిగినచో మొదటితరముననే సుమారు 37 పేళ్లు మాయమగును. రెండవతరము ముగియునప్పటికి 53, మూడవదానికి 63, నాలుగవదానికి 69, అయిదవదానికి 73. జనసంఖ్య తగ్గనే లేదు. పేళ్లు మాత్రము నాలుగింట మూడు వంతులు పోయినవి! సగటు ఒకటికి మించనిచో ఎంత పెద్ద యింటిపేరైనను తుదకు పోవలసినదే. ఇండ్లు పెక్కుగలది యాలస్యముగ పోవును, కొద్దిగలది త్వరగ పోవును. ఇక మన సంగతి యేమి? 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనప్రకారము ఆంధ్రప్రదేశమున తల్లి యొక్కతెకు సగటున కలుగు సంతానము 1.7. అందు మగబిడ్డలు సగమునకు స్వల్పముగ మించినను ఒకటికి లోపే. కొద్దియిండ్లు గల యింటిపేళ్లవారు దీనిని బాగుగ గమనింపవలయును.

వేంకటాద్రినాయుడుగారి యిల్లే దీనికి దృష్టాంతము. ఏనుగులు, కోటలు, దేవాలయములు అన్నియు నుండెను, ఔరసపుత్రుడు లేడు. జగన్నాథబాబుగారిని, పిమ్మట రామనాథబాబుగారిని దత్తు స్వీకరించిరి. వారి మరణానంతరము పుట్టిన వ్యాజ్యము పెక్కేండ్లు నడచి సీమలో ప్రీవీకౌన్సిలునకు పోయి 1846లో తీర్పయ్యెను. మొదటి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదనిరి. హిందూధర్మశాస్త్రము చదువు న్యాయవాదులకు ఆ తీర్పు నేటికిని పాఠము. అప్పటికి జమీ పూర్వవైభవము జాఱిపోయెను. ఒక ముచ్చట చెప్పక మానలేము: మగసంతతికొఱకు, ఇంటిపేరుకొఱకు నడచిన యీ వ్యాజ్యమును న్యాయగ్రంథములు పిలుచుట రంగమ్మ, అచ్చమ్మ యను నిరువురు స్త్రీల పేళ్లతో! ఇంటిపేరు రక్తమును మాత్రమే యనుసరించునని తలచువారికి ఈ యొక్క వంశమే చాలిన సమాధానము. దత్తపుత్రుడు వేఱొకయింట పుట్టియు ఈ పేరును మోయును. మన కులమునను రెడ్లలోను న్యాయస్థానములు గుర్తించిన యిల్లరికపుటల్లుడో, మామయాస్తి ననుభవించియు జన్మకుటుంబమున తన హక్కు గోల్పోడు. ఒకచోట పేరు నిలిచి రక్తము మాఱును; ఒకచోట రక్తము నిలిచి పేరు మాఱును.

కొడుకులు లేనిదే పేరు లేదు గావున కొడుకులనే కనవలయునని మా మాటలకు నర్థము చెప్పెడివా రుండవచ్చును. ఆ తలంపు చేసిన పాపమునకే 1994లో గర్భస్థశిశువు లింగనిర్ణయమును నిషేధించు శాసనము చేయవలసివచ్చెను. మేము చెప్పునది దానికి పూర్తిగ నెదురు. కూతురిని పట్టికనుండి విడిచినందువలననే పట్టిక కొఱగానిదగుచున్నది.

ఇందు పేరుప్రతిష్ఠలకంటె ముఖ్యమైన సంగతి యున్నది, అది బిడ్డల యారోగ్యము. 1875లో జార్జి డార్విను, సుప్రసిద్ధుడగు చార్లెసు డార్వినుగారి కుమారుడు, వధూవరుల యింటిపేరు ఒక్కటిగా నున్న వివాహములను లెక్కించి, ఇంగ్లండున దగ్గఱబంధువులు పెండ్లియాడుట యెంతమాత్రమో యంచనా వేసెను. అచ్చట ఆ యుపాయము పాఱినది. ఇచ్చట పాఱదు. ఒక్క యింటిపేరు గలవారు అన్నదమ్ములు, అక్కసెల్లెండ్రు, వారు పెండ్లియాడరు. పది తరములనాడు విడిపోయినను ఆడరు. కాని మేనమామ మేనకోడలిని, మేనబావ మేనమఱదలిని చేసికొందురు. వారి యింటిపేళ్లు సహజముగనే వేఱు. అనగా మన యింటిపేరు దూరపుచుట్టమును దగ్గఱవానిగ జూపి, దగ్గఱచుట్టమును పరాయివానిగ జూపును! మేనమామ మేనకోడండ్రకు పుట్టిన బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులును ఒక్క పూర్వికునినుండియే వచ్చు నవకాశము ఎనిమిదింట నొకటి. మేనబావ మేనమఱదండ్ర బిడ్డకు పదునాఱింట నొకటి. ఆ పూర్వికునియందు దాగియున్న దోషము రెండువైపులనుండి వచ్చి బిడ్డయందు వ్యాధిగ బయల్పడుట కదియే దారి. ఇండ్లు కొద్దిగనున్న కుటుంబములలో నిచ్చిపుచ్చుకొనుట ఆ నాలుగిండ్లలోనే మరలమరల జరుగుచుండును. రెండు మూడు తరములైనచో పై భాగములు ఇంకను పెరుగును. భూమి చీలిపోకుండుటకును, పిల్ల కండ్లయెదుట నుండుటకును పెద్దలు మేనరికములు చేసిరి. వారిని తప్పుపట్టుటకు మేము రాలేదు. కాని సంబంధము కలుపుకొనునప్పుడు ఇంటిపేరు, గోత్రము అడిగి తృప్తిపడుట చాలదు. పిల్లతల్లి పుట్టినింటిపేరు, పిల్లవానితల్లి పుట్టినింటిపేరు, ఇరువురి అమ్మమ్మల పుట్టినింటిపేళ్లు అడుగవలయును. వైద్యుడును అవియే యడుగును.

మెట్టసీమలో నీ సంగతికి కారణము భూమియందును గలదు. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసి డెల్టాకు నీరు పాఱినది. ఎత్తుననున్న మన నందిగామ, జగ్గయ్యపేటలకు పాఱలేదు. వానపై నాధారపడిన చేలు, జొన్న, అపరాలు, పత్తి. కాలువక్రింది సంబంధము దొరకినవారు పిల్లల నటు పంపిరి, నిలిచినవారు చుట్టుప్రక్కలనే యిచ్చిపుచ్చుకొనిరి. ఈ స్థితిని మార్చుటకు పాటుపడినవారిలో అగ్రగణ్యులు వాసిరెడ్డివారే యగుట గమనింపదగినది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు నందికొండవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టవలయునని ఊరూర తిరిగి, రైతుల గూర్చి, అధికారులవద్ద వాదించిరి. 1952లో ఖోస్లా సంఘము వచ్చి పరిశీలించెను; 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూపండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను; 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ నీరు మన మెట్టకు వచ్చినది. 1948 శాసనముతో జమీందారీలు పోయినవి. జమీ పోయినపిమ్మట ఆ యింటివారు చేసిన యీ పని, జమీ యున్ననాడు కట్టిన కోటలకంటె మాకు గొప్పగ దోచుచున్నది.

కావున మేము ప్రతిపాదించున దిది. కొత్త భావయ్యచౌదరిగారు కమ్మవారి చరిత్రమును సంపుటములుగ వెలయించునప్పుడు ఇంటిపేళ్లను, గోత్రములను కూర్చిపెట్టిరి. వారు పేళ్లను గూర్చిరి. మనము యిండ్లను గూర్చవలయును. 2022లో కృష్ణాజిల్లా విడిపోయి మన యేడు మండలములు ఎన్.టి.ఆర్. జిల్లాలో నందిగామ రెవెన్యూ డివిజనుగ నేర్పడినవి: జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు, కంచికచర్ల, వీరులపాడు. ఆ యేడింటను మొదట వాసిరెడ్డివారి యిండ్లతో నారంభించి, ఇంటింటికి పోయి వ్రాయవలయును. పుస్తకమున పురుషుల వరుస యెంత యుండునో స్త్రీల వరుస యంత యుండవలయును. కోడలి యెదుట ఆమె పుట్టినింటిపేరును ఊరును, ఆడపడుచు యెదుట మెట్టినింటిపేరును ఊరును, దత్తు వచ్చినవారికి జన్మకుటుంబమును, ఇల్లరికము వచ్చినవారికి స్వంత యింటిపేరును వ్రాయవలయును. వ్యాధులను గుఱించిన వివరములు పుస్తకమున వ్రాయరాదు. అవి యా కుటుంబమునకును వైద్యునికిని సంబంధించినవి. అచ్చువేయునప్పుడు జీవించియున్నవారి పేళ్లు విడిచి యిండ్ల సంఖ్యను మాత్రమే ప్రకటింపవలయును. ఆస్తి యెంత, ఉద్యోగమేమి యను గడులు అక్కఱలేదు. అవి యున్నచో పుస్తకము పెండ్లిబేరములకు పనికివచ్చును గాని మఱి దేనికిని పనికిరాదు.

ఈ పనికి ధనమంతగా అవసరము లేదు. చదువుకొన్న పిల్లలు మండలమునకు నలుగురు చొప్పున సెలవులలో తిరిగిన చాలును. ముసలమ్మలను ముందుగ నడుగుడని వారికి మా మనవి. ఏ పిల్లను ఏ యేట ఏ యూరికిచ్చిరో, ఎవరి మేనత్త యెవరికి తోడికోడలో వారికి నోటనున్నది. అది మఱెచ్చటను వ్రాయబడలేదు. గడులు గీచిన కాగితములు పందిటి తూర్పువాకిట బల్లపై నున్నవి. సెలవు.